కాంగోలో ఆపింది కమ్యూనిజాన్నేనా? తేదీల వరుస చెప్పే సంగతి

మీరు అడిగినవి మూడు ప్రశ్నలు. కాంగో తొలి ప్రధానమంత్రి పత్రీస్ లుముంబా నిజంగా కమ్యూనిస్టేనా అన్నది మొదటిది. 1960లో బెల్జియం, అమెరికా జోక్యం చేసుకోకపోయి ఉంటే ఆ దేశం సోవియట్ యూనియన్ పక్షాన చేరిపోయేదా అన్నది రెండవది. ఐక్యరాజ్య సమితి తరఫున అక్కడికి వెళ్ళిన భారత సైన్యం కూడా ఆ జోక్యంలో పాలుపంచుకున్నట్టేనా అన్నది మూడవది. వలస పాలన నుంచి బయటపడిన ఆఫ్రికా దేశాల చరిత్రను చాలాకాలం బోధించినవాడిగా నాకు తోచేది ఏమిటంటే, ఈ విషయంలో సిద్ధాంత చర్చకు దిగే ముందు తేదీలను వరుసగా పేర్చుకోవాలి. ఏది ముందు జరిగింది, ఏది తరువాత జరిగింది అన్నది తేలితే మొదటి రెండు ప్రశ్నల్లోని చిక్కు చాలావరకు విడిపోతుంది.

కాంగో మొదట బెల్జియం దేశపు వలస కాదు. 1885 నుంచి 1908 వరకు అది రెండవ లియోపోల్డ్ రాజు సొంత ఆస్తి. రబ్బరు కోసం అక్కడ జరిగిన దౌర్జన్యాలు లోకానికి తెలిసి గగ్గోలు పుట్టిన తరువాతే బెల్జియం ప్రభుత్వం దానిని తన చేతిలోకి తీసుకుంది. తరువాతి యాభై ఏళ్ళలో గనులు, రైళ్ళు, ప్రాథమిక పాఠశాలలు వచ్చాయి గానీ, దేశాన్ని నడిపించగల స్థానికులను తయారు చేయాలన్న ఆలోచన పాలకులకు లేదు. స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో విశ్వవిద్యాలయ పట్టభద్రులు ఇరవై మందికి మించి లేరు. ఫోర్స్ పబ్లిక్ అనే పేరుగల సైన్యంలో సుమారు 25,000 మంది నల్లజాతి సైనికులు, వెయ్యి మంది వరకు బెల్జియన్ అధికారులు ఉండగా, అధికారి హోదాలో ఒక్క కాంగో మనిషి కూడా లేడు. 1959 జనవరిలో రాజధాని లియోపోల్డ్‌విల్ (ఇప్పటి కిన్షాసా) నగరంలో అల్లర్లు చెలరేగేదాకా బెల్జియం నాయకులు ఇంకా ఎన్నో దశాబ్దాల సమయం ఉందనుకున్నారు. అల్లర్ల తరువాత ఏడాదిన్నరలోపే అన్నీ అప్పగించి బయటపడ్డారు. అంత తొందరలో అప్పగించినది జెండానే గాని అధికారం కాదన్న అనుమానం కాంగో నాయకుల్లో మొదటి రోజు నుంచే ఉంది. ఆ అనుమానానికి ఆధారం లేకపోలేదు.

లుముంబా 1925లో కసాయి ప్రాంతంలోని ఒక పల్లెలో పుట్టాడు. తపాలా శాఖలో గుమస్తాగా పనిచేశాడు, తరువాత ఒక బీరు కంపెనీ తరఫున అమ్మకాలు చూశాడు. 1958లో ఆయన స్థాపనలో పాలుపంచుకున్న కాంగో జాతీయ ఉద్యమ పార్టీకి ఉన్న ప్రత్యేకత ఒక్కటే: మిగతా పార్టీలన్నీ ఏదో ఒక తెగను, ఒక ప్రాంతాన్ని ఆధారం చేసుకుని నిలబడితే, అది దేశమంతటా ఓట్లు అడిగింది. 1960 మే ఎన్నికల్లో 137 స్థానాలున్న దిగువ సభలో ఆయన పక్షం ఒంటరిగా 33 స్థానాలు గెలిచి అతిపెద్ద పార్టీగా నిలిచింది. మిత్రపక్షాలతో కలిసి లుముంబా ప్రధానమంత్రి అయ్యాడు. బకోంగో ప్రజల నాయకుడు జోసెఫ్ కసవుబు అధ్యక్షుడయ్యాడు.

ఇందులో కమ్యూనిజం ఎక్కడుంది? లుముంబా మార్క్సిస్టు కాదు, ఆయన పార్టీ కార్యక్రమంలో వర్గపోరాటం లేదు, దేశంలో చెప్పుకోదగ్గ కమ్యూనిస్టు పార్టీ అసలే లేదు. విదేశీ పెట్టుబడికి రక్షణ ఉంటుందని ఆయన పదేపదే చెప్పాడు. 1960 జూలైలో ఎడ్గర్ డెట్‌వైలర్ అనే అమెరికన్ వ్యాపారితో దేశ ఖనిజ సంపదను అభివృద్ధి చేయడానికి యాభై ఏళ్ళ ఒప్పందం మీద సంతకం కూడా చేశాడు. ఆ ఒప్పందం తెలివైనది కాదు, అమలు కూడా కాలేదు. అయినా దేశాన్ని మాస్కోకు అప్పగించాలనుకున్న మనిషి పదవిలోకి వచ్చిన నెల తిరగకముందే అమెరికా వ్యాపారికి గనులు రాసివ్వబోవడం జరగదు. లుముంబాను కమ్యూనిస్టు అనేవారు ఈ ఒక్క సంగతికి సమాధానం చెప్పగా నేను ఎన్నడూ వినలేదు.

మరి ఆయన మీద పాశ్చాత్య దేశాలకు అంత భయం ఎందుకు పుట్టింది? 1960 జూన్ 30న స్వాతంత్ర్య వేడుకలో బెల్జియం రాజు బొదువాన్ మాట్లాడుతూ రెండవ లియోపోల్డ్ చేసిన పనిని ప్రతిభావంతమైన కార్యంగా పొగిడాడు. కార్యక్రమంలో పేరు లేకపోయినా లుముంబా లేచి, వలస పాలనలో తమ జనం భరించిన అవమానాలను, దెబ్బలను, వెట్టిచాకిరిని రాజు ముఖం మీదే ఏకరువు పెట్టాడు. బ్రస్సెల్స్ పత్రికలు మర్నాటి నుంచే ఆయనను ప్రమాదకరమైన మనిషిగా చిత్రించాయి. అయితే ప్రసంగం ఒక్కటే కారణం కాదు. కటంగా రాష్ట్రంలో యూనియన్ మినియేర్ అనే కంపెనీ చేతిలో ఉన్న రాగి, కోబాల్టు గనులే దేశపు ఆదాయానికి ప్రధాన ఆధారం. హిరోషిమా మీద వేసిన బాంబుకు కావలసిన యురేనియంలో అధిక భాగం అక్కడి షింకోలోబ్వే గని నుంచే వెళ్ళింది. ఆ గనుల మీద ఆజమాయిషీ కేంద్ర ప్రభుత్వానిదా, కంపెనీదా అన్న ప్రశ్న స్వాతంత్ర్యం నాడు ఎటూ తేలకుండానే మిగిలింది. లుముంబా దానికి ఇచ్చిన సమాధానం జాతీయవాది ఇచ్చే సమాధానం. ప్రచ్ఛన్న యుద్ధం నడుస్తున్న ఆ రోజుల్లో జాతీయవాదికీ కమ్యూనిస్టుకూ తేడా చూసే ఓపిక వాషింగ్టన్‌లో చాలామందికి లేదు. బ్రస్సెల్స్‌కు ఆ తేడా తెలుసనీ, తెలిసి కూడా దానిని చెరిపివేయడమే తనకు లాభమనుకున్నదనీ నా అభిప్రాయం.

ఇక తేదీలు. జూలై 5న సైన్యంలో తిరుగుబాటు మొదలైంది. దానికి తక్షణ కారణం సేనాధిపతి ఎమిల్ జాన్సెన్స్. స్వాతంత్ర్యానికి ముందు ఎలాగో తరువాతా అలాగేనని అతడు సైనికుల ముందు నల్లబల్ల మీద రాసి చూపించాడు. దేశానికి వచ్చిన స్వాతంత్ర్యం తమ బారకాసుల దాకా రాలేదని అర్థం చేసుకున్న సైనికులు అధికారుల మీద, తరువాత బెల్జియన్ కుటుంబాల మీద తిరగబడ్డారు. హింస, అత్యాచారాలు జరిగాయి, వేలాది యూరోపియన్లు కాంగో నది దాటి పారిపోయారు. జూలై 10న కాంగో ప్రభుత్వం పిలవకుండానే బెల్జియం సేనలు రంగంలోకి దిగాయి. తమ పౌరుల రక్షణ అన్న కారణం పూర్తిగా అబద్ధం కాదు. కానీ ఆ మరునాడే, జూలై 11న, కటంగా నాయకుడు మొయిస్ షోంబే తన రాష్ట్రాన్ని స్వతంత్ర దేశంగా ప్రకటించినప్పుడు అతని పక్కన నిలిచినవి ఆ సేనలే. యూనియన్ మినియేర్ కేంద్రానికి కట్టవలసిన పన్నులను అతనికి కట్టింది. షోంబే తన రాష్ట్రాన్ని కమ్యూనిజానికి అడ్డుగోడగా ప్రచారం చేసుకున్నాడు. ఆ ప్రచారాన్ని అమెరికా కాంగ్రెస్‌లో నమ్మిన సభ్యులు కొందరున్నారు.

జూలై 12న కసవుబు, లుముంబా ఇద్దరూ కలిసి సాయం కోరింది ఐక్యరాజ్య సమితిని. మాస్కోను కాదు. జూలై 14న భద్రతా మండలి తీర్మానం చేసింది, కొద్ది రోజుల్లోనే సమితి దళాలు దిగడం మొదలైంది. అదే రోజున ఆ ఇద్దరు నాయకులూ పరిస్థితిని గమనిస్తూ ఉండమని సోవియట్ ప్రధాని క్రుశ్చేవ్‌కు తంతి పంపినమాట నిజమే. మూడు రోజుల తరువాత లుముంబా, బెల్జియం సేనలను వెళ్ళగొట్టకపోతే సోవియట్ సాయం అడుగుతామని సమితికి గడువు పెట్టిన మాట కూడా నిజమే. ఇది బెదిరింపు రాజకీయం, పైగా అనుభవం లేని మనిషి చేసిన బెదిరింపు. దీనిని నేను సమర్థించను. అయితే జూలై చివరి వారంలో ఆయన స్వయంగా వెళ్ళింది న్యూయార్క్‌కు, వాషింగ్టన్‌కు. అక్కడ విదేశాంగ మంత్రి హెర్టర్ ఆయనకు చెప్పినదల్లా సాయం ఏదైనా సమితి ద్వారానే అందుతుందని. అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఆయనను కలవలేదు.

ఇక్కడ ఒక తేదీని ప్రత్యేకంగా గమనించమని కోరుతాను. సీఐఏ అధిపతి అలెన్ డలెస్ అమెరికా జాతీయ భద్రతా మండలి సమావేశంలో లుముంబాను క్యూబా నాయకుడు క్యాస్ట్రోతో పోల్చి, అంతకంటే అధ్వానం కావచ్చునని చెప్పింది జూలై 21న. అంటే లుముంబా అమెరికా నేల మీద అడుగుపెట్టకముందే, సోవియట్ యూనియన్‌ను విడిగా సైనిక సాయం అడగకముందే, ఆయన విషయంలో ఒక నిర్ణయానికి వచ్చేశారు. ఆయన ఆ సాయం అడిగింది ఆగస్టు మధ్యలో. అప్పటికి కటంగా విడిపోయి నెల దాటింది, గోరుచుట్టు మీద రోకటిపోటులా వజ్రాల గనులున్న దక్షిణ కసాయి కూడా ఆగస్టులో వేరుపడింది, సమితి దళాలు కటంగాలోకి వెళ్ళాయి గానీ షోంబేను ముట్టుకోలేదు. రెండు సంపన్న రాష్ట్రాలు చేజారిన ప్రధానమంత్రికి సైన్యాన్ని అక్కడికి తరలించడానికి విమానాలు కావాలి. అమెరికా ఇవ్వనన్నది, సమితి తన పని కాదన్నది, సోవియట్ యూనియన్ ఇచ్చింది. ఆగస్టు నెలాఖరుకు ఇల్యూషిన్ రవాణా విమానాలు, లారీలు, వాటితోపాటు సిబ్బంది వచ్చారు.

ఆ రోజుల్లో దక్షిణ కసాయికి వెళ్ళిన సైన్యం అక్కడి బకువాంగా ప్రాంతంలో వందలాది పౌరులను, ముఖ్యంగా లూబా ప్రజలను, చంపింది. లుముంబాను అమరుడిగా కొలిచేవారు ఈ ఘట్టాన్ని దాటవేస్తారు. దాటవేయకూడదు. జీతభత్యాలు, తిండి సరిగ్గా లేని, కొద్ది వారాల ముందే తిరగబడిన సైన్యాన్ని అటువంటి పనికి పంపిన బాధ్యత ప్రధానమంత్రిదే. ఆయనకు సమితిలోనూ దేశంలోనూ మిత్రులు తగ్గిపోవడానికి ఇది ఒక ముఖ్య కారణం. అయినా ఇది కమ్యూనిజానికి రుజువు కాదు. వేర్పాటును బలంతో అణచాలనుకునే ప్రభుత్వం ఏ సిద్ధాంతానిదైనా చేయగల దారుణమే.

ఆగస్టు 18న లియోపోల్డ్‌విల్‌లోని సీఐఏ అధికారి లారీ డెవ్లిన్, కమ్యూనిస్టులు ప్రభుత్వాన్ని చేజిక్కించుకునే ప్రయత్నం సాగుతున్నదని వాషింగ్టన్‌కు తంతి పంపాడు. అదే రోజు జరిగిన జాతీయ భద్రతా మండలి సమావేశంలో ఐసెన్‌హోవర్ మాటలు లుముంబాను చంపమన్న ఆదేశంలా తనకు వినిపించాయని, ఆ సమావేశపు వివరాలు రాసుకున్న అధికారి 1975లో సెనేట్ విచారణ సంఘం ముందు వాంగ్మూలమిచ్చాడు. ఆగస్టు 26న డలెస్ తన సంతకంతో పంపిన తంతిలో లుముంబాను తొలగించడమే అత్యవసర, ప్రధాన లక్ష్యమని ఉంది. ఆ తరువాత కథ వేగంగా నడిచింది. సెప్టెంబరు 5 రాత్రి కసవుబు రేడియోలో ప్రధానమంత్రిని తొలగించినట్టు ప్రకటించాడు, లుముంబా అదే రేడియోలో అధ్యక్షుణ్ణి తొలగించినట్టు ప్రకటించాడు. సమితి తరఫున తాత్కాలికంగా బాధ్యత చూస్తున్న అమెరికన్ అధికారి ఆండ్రూ కార్డియర్ విమానాశ్రయాలను, రేడియో కేంద్రాన్ని మూయించాడు. పైకి ఇది ఇద్దరికీ సమానంగా వర్తించే చర్య. కానీ కసవుబుకు నది అవతల పొరుగు దేశపు బ్రజావిల్ రేడియో అందుబాటులో ఉంది. లుముంబాకు తన మద్దతుదారులను తూర్పున ఉన్న స్టాన్లీవిల్ నుంచి రప్పించుకునే విమానాలు గాని, జనంతో మాట్లాడే రేడియో గాని లేకుండా పోయాయి.

పార్లమెంటు ఏం చేసిందన్నది చాలా వ్యాసాలలో కనిపించదు గనుక ఇక్కడ చెబుతున్నాను. సెప్టెంబరు 7న దిగువ సభ రెండు తొలగింపులూ చెల్లవన్నది. మరునాడు ఎగువ సభ భారీ ఆధిక్యంతో లుముంబా పక్షాన నిలిచింది. సెప్టెంబరు 13న ఉభయ సభల సమావేశం ఆయనకు ప్రత్యేక అధికారాలిచ్చింది. ఆ సమావేశపు కోరం గురించి, అధ్యక్షుడి అధికారాల గురించి న్యాయపరమైన వాదనలు రెండువైపులా ఉన్నాయి, అవి ఇప్పటికీ తెగలేదు. అయితే ఎన్నికైన సభ ఎటు మొగ్గిందో అందులో సందేహం లేదు. ఆ మరునాడే, సెప్టెంబరు 14న, ముప్పై ఏళ్ళు నిండని కల్నల్ జోసెఫ్ మొబుటు రాజకీయ నాయకులందరినీ పక్కన పెడుతున్నట్టు ప్రకటించి, సోవియట్, చెకోస్లొవేకియా రాయబార కార్యాలయాలను దేశం నుంచి పంపించివేశాడు. తాను అతనికి ముందే మద్దతు మాట ఇచ్చిన సంగతి డెవ్లిన్ వృద్ధాప్యంలో స్వయంగా చెప్పుకున్నాడు.

సోవియట్ ప్రమాదమే అసలు కారణమైతే కథ ఇక్కడితో ముగియాలి. సోవియట్ సిబ్బంది వెళ్ళిపోయారు, లుముంబా పదవి పోయింది, ఆయన ఇంటి చుట్టూ లోపల సమితి తరఫున వచ్చిన ఘనా సైనికులు కాపలాగా, వెలుపల మొబుటు సైనికులు ముట్టడిగా నిలబడి ఉన్నారు. అయినా సెప్టెంబరు నెలాఖరులో సీఐఏ రసాయన శాస్త్రవేత్త సిడ్నీ గాట్లీబ్ విషం పట్టుకుని లియోపోల్డ్‌విల్ వచ్చాడు. అక్టోబరులో బెల్జియం ఆఫ్రికా వ్యవహారాల మంత్రి దాస్‌ప్రెమాన్ లిండెన్ తన తంతిలో లుముంబాను శాశ్వతంగా తొలగించడం గురించి రాశాడు. వారి భయం పార్లమెంటు మళ్ళీ సమావేశమైతే ఆయన మళ్ళీ గెలుస్తాడన్నది. ఆ సంగతి ఆనాటి తంతులే చూపిస్తాయి. నేను ఈ జోక్యాన్ని కమ్యూనిజానికి అడ్డుకట్ట అనడానికి ఒప్పుకోకపోవడానికి ముఖ్య కారణం ఇదే. అడ్డుకట్ట వేసినది ఒక సభ తీర్పుకు.

నవంబరు 27 రాత్రి లుముంబా ఇంటి నుంచి తప్పించుకుని, తనకు బలమున్న స్టాన్లీవిల్ వైపు బయలుదేరాడు. దారిలో సంకురు నది దగ్గర పట్టుబడ్డాడు. 1961 జనవరి 17న ఆయనను, సహచరులు మొరిస్ ఎంపోలో, జోసెఫ్ ఒకిటోలను విమానంలో కొడుతూ కటంగాకు తీసుకువెళ్ళారు. ఆ రాత్రే బెల్జియన్ అధికారుల సమక్షంలో కాల్చి చంపారు. తరువాత శవాలను ఆమ్లంలో కరిగించారు. కాల్చినవారు సీఐఏ మనుషులు కారు, గాట్లీబ్ తెచ్చిన విషం వాడనూ లేదు. తరలింపు జరగబోతున్నదని డెవ్లిన్‌కు ముందే తెలుసు, దానిని ఆపే ప్రయత్నం చేయలేదు. అమెరికా కొత్త అధ్యక్షుడు కెన్నెడీ ప్రమాణ స్వీకారానికి అప్పటికి మూడు రోజులే ఉంది. బెల్జియం పార్లమెంటు నియమించిన విచారణ సంఘం 2001లో, కొందరు బెల్జియం మంత్రులకు, అధికారులకు ఈ హత్య విషయంలో నైతిక బాధ్యత ఉందని తేల్చింది. 2002లో ఆ దేశ ప్రభుత్వం క్షమాపణ చెప్పింది.

రెండవ ప్రశ్నకు వస్తాను. జోక్యం లేకపోతే ఏమయ్యేదన్నది ఎవరూ రుజువు చేయలేని విషయం, కానీ పోల్చి చూడడానికి అదే ఖండంలో, అదే కాలంలో ఒక దేశం ఉంది. 1958లో గినీ ఫ్రాన్స్‌ను కాదని స్వతంత్రమైనప్పుడు ఫ్రెంచివారు అక్కడినుంచి సిబ్బందినీ సామగ్రినీ కూడా తీసుకుపోయారు. అధ్యక్షుడు సెకూ తూరే సోవియట్ సాయం పుచ్చుకున్నాడు. లుముంబా కంటే అతడు మార్క్సిస్టు భాషకు చాలా దగ్గర. అయినా 1961 డిసెంబరులో, తన దేశ వ్యవహారాల్లో తలదూర్చాడన్న అభియోగంతో సోవియట్ రాయబారిని పంపించివేశాడు. ఈజిప్టు 1972లో సోవియట్ సైనిక సలహాదారులను సాగనంపింది. మన దేశం సోవియట్ సహకారంతో భిలాయిలోనూ, ఆ తరువాత విశాఖపట్నంలోనూ ఉక్కు కర్మాగారాలు కట్టుకుంది, భిలాయి కట్టే రోజుల్లోనే అమెరికా గోధుమలు దిగుమతి చేసుకుంది. దానివల్ల మనం ఎవరి పక్షానికీ అమ్ముడుపోలేదు. వలస పాలన నుంచి కొత్తగా బయటపడిన దేశాలు ఒక యజమానిని వదిలించుకుని మరొకరిని తలకెత్తుకోవడానికి అంత ఉత్సాహపడలేదు. మరో వైపు, కాంగోలో పెద్దయెత్తున దిగగల శక్తి సోవియట్ యూనియన్‌కు అప్పుడు లేదు. అంత దూరానికి సైన్యాన్ని తరలించగల నౌకాబలం, వాయుబలం దానికి తరువాతి దశాబ్దంలో గాని సమకూరలేదు. సెప్టెంబరులో మొబుటు వెళ్ళిపొమ్మంటే వాళ్ళు మారుమాట లేకుండా వెళ్ళిపోయారు.

చట్టబద్ధమైన దారి మూసుకుపోయిన తరువాతే అసలైన తిరుగుబాటు వచ్చిందన్నది గమనించండి. లుముంబా మంత్రివర్గంలో పనిచేసిన పియేర్ ములేలే చైనాలో శిక్షణ పొంది 1964 జనవరిలో క్విలు ప్రాంతంలో సాయుధ పోరాటం మొదలుపెట్టాడు. ఆగస్టు నాటికి లుముంబా అనుచరులైన సింబా తిరుగుబాటుదారులు స్టాన్లీవిల్‌ను పట్టుకుని, దేశపు తూర్పుభాగంలో చాలా ప్రాంతాన్ని తమ వశం చేసుకున్నారు. అప్పటికి లియోపోల్డ్‌విల్‌లో ప్రధానమంత్రి ఎవరనుకున్నారు? కటంగాను విడదీసిన షోంబేయే. అతని ప్రభుత్వాన్ని నిలబెట్టడానికి దక్షిణాఫ్రికా, రొడీషియా వంటి చోట్ల నుంచి తెచ్చిన కిరాయి సైనికులు నేల మీద, సీఐఏ సమకూర్చిన క్యూబా ప్రవాస వైమానికులు ఆకాశంలో యుద్ధం చేశారు. నవంబరు 24న అమెరికా విమానాల నుంచి బెల్జియం పారాచూట్ దళాలు స్టాన్లీవిల్ మీద దిగాయి. బందీలుగా ఉన్న యూరోపియన్లను, అమెరికన్లను అధిక సంఖ్యలో కాపాడాయి. పదుల సంఖ్యలో బందీలు ఆ ఉదయమే తిరుగుబాటుదారుల తూటాలకు చనిపోయారు. ఆ తరువాత నగరంలో, పరిసరాల్లో చనిపోయిన కాంగో ప్రజల లెక్క ఎవరూ సరిగ్గా రాసుకోలేదు. మరుసటి ఏడాది చే గువేరా వందమందికి పైగా క్యూబన్లతో వచ్చి, కొన్ని నెలలు తూర్పు కొండల్లో గడిపి, ఫలితం లేక వెనుదిరిగాడు. అంటే 1960లో లేని చైనా, క్యూబా ప్రమేయాలు 1964, 1965 నాటికి వచ్చాయి. ఏ ముప్పును ఆపడానికి జోక్యం చేసుకున్నామన్నారో ఆ ముప్పు జోక్యం తరువాతే రూపు కట్టింది.

1965 నవంబరులో మొబుటు రెండవసారి, ఈసారి పూర్తిగా, అధికారం చేజిక్కించుకుని 1997 దాకా పాలించాడు. అతడు పాశ్చాత్య దేశాల ప్రయోజనాలను కాపాడాడా అని అడిగితే సమాధానం అంత సూటిగా ఉండదు. లుముంబా చేస్తాడేమోనని భయపడిన పనిని, అంటే యూనియన్ మినియేర్‌ను జాతీయం చేయడాన్ని, 1966 చివరిలో మొబుటే చేశాడు. 1973లో విదేశీయుల వ్యాపారాలను, తోటలను లాక్కుని తన అనుచరులకు పంచాడు. చైనాతో స్నేహం చేశాడు, తన సైన్యంలోని ఒక విభాగానికి ఉత్తర కొరియా శిక్షకులను పెట్టుకున్నాడు. ఇవన్నీ చేసినా వాషింగ్టన్ అతడిని వదులుకోలేదు; 1977, 1978లలో కటంగా మీద దాడులు జరిగినప్పుడు మొరాకో, ఫ్రాన్స్, బెల్జియం సేనలు వచ్చి అతడి ప్రభుత్వాన్ని నిలబెట్టాయి. ఆ ముప్పై ఏళ్ళలో రోడ్లు అడవిలో కలిసిపోయాయి, ఉపాధ్యాయులకు జీతాలు అందలేదు, గనుల ఆదాయం పాలకుడి చుట్టూ ఉన్నవారి విదేశీ ఖాతాలకు చేరింది. ప్రచ్ఛన్న యుద్ధం ముగిశాక పాత మిత్రులకు అతడి అవసరం తీరిపోయింది. 1997 మేలో కిన్షాసాలో అధికారం పట్టుకున్న లారెంట్ కబీలా, 1965లో చే గువేరా కలిసిన తిరుగుబాటు నాయకుల్లో ఒకడు. సఫలమైన జోక్యం అని పేరుపెట్టేవారు ఏ సంవత్సరం దగ్గర లెక్క ముగిస్తున్నారో అడగండి. 1965 దగ్గర ముగిస్తే సఫలమే.

మూడవ ప్రశ్న మనకు సంబంధించినది గనుక కాస్త జాగ్రత్తగా చెప్పాలి. సమితి జోక్యాన్నీ, బెల్జియం, అమెరికా జోక్యాలనూ ఒకే గాట కట్టలేము. వాటిని పూర్తిగా విడదీయనూ లేము. 1960 సెప్టెంబరులో విమానాశ్రయాలు, రేడియో మూయించినప్పుడు సమితి, ఉద్దేశం ఏదైనా, ఒక పక్షానికి మేలు చేసింది. సెప్టెంబరు 8న బాధ్యత తీసుకున్న భారత దౌత్యవేత్త రాజేశ్వర్ దయాల్ ఆ పొరపాటును సరిదిద్దే ప్రయత్నం చేశాడు. లుముంబా ఇంటికి కాపలా పెట్టించి, మొబుటు సైనికులు ఆయనను పట్టుకుపోకుండా చూశాడు. నవంబరు 2 నాటి తన నివేదికలో బెల్జియం సలహాదారులు తిరిగి వచ్చి మంత్రిత్వ శాఖల్లో కూర్చుంటున్న సంగతినీ, మొబుటు సైన్యపు ఆగడాలనూ దాచకుండా రాశాడు. ఆ నివేదిక వచ్చిన నాటి నుంచి అమెరికా రాయబారి టింబర్‌లేక్‌తో, కసవుబు వర్గంతో ఆయనకు పొసగలేదు; ఒత్తిడి పెరిగి, 1961 మే నెలలో ఆయన ఆ పదవి నుంచి తప్పుకున్నాడు. దయాల్ మీద కమ్యూనిస్టు అనుకూలుడన్న ముద్ర వేసినవారు కూడా ఉన్నారు. రాజ్యాంగబద్ధమైన ప్రభుత్వం, పార్లమెంటు సమావేశం కావాలని అడగడమే ఆ ముద్రకు సరిపోయింది.

భారత పోరాట దళం వచ్చింది లుముంబా హత్య తరువాతే. లుముంబా హత్య వార్త 1961 ఫిబ్రవరి 13న బయటికి వచ్చాక, అంతర్యుద్ధాన్ని ఆపడానికి అవసరమైతే బలం వాడవచ్చునని భద్రతా మండలి ఫిబ్రవరి 21న తీర్మానించింది. ఇండోనేషియా, మొరాకో, గినీ వంటి దేశాలు సమితి తీరుకు నిరసనగా తమ దళాలను ఉపసంహరించుకుంటున్న సమయంలో నెహ్రూ ప్రభుత్వం ఒక పూర్తి బ్రిగేడును పంపింది. ఆ దళం యుద్ధం చేసింది లుముంబా అనుచరులతో కాదు, కటంగా వేర్పాటుదారులతో, వారికి నాయకత్వం వహిస్తున్న విదేశీ కిరాయి సైనికులతో. 1961 డిసెంబరు 5న కటంగా రాజధాని ఎలిజబెత్‌విల్ విమానాశ్రయం దారిలో అడ్డు తొలగించే పోరాటంలో గూర్ఖా రైఫిల్స్‌కు చెందిన కెప్టెన్ గురుబచన్ సింగ్ సలారియా, కొద్దిమంది సైనికులతో ఎన్నో రెట్లు పెద్దదైన దళం మీదికి దూకి ప్రాణాలు కోల్పోయాడు. ఆయనకు పరమవీర చక్ర ఇచ్చారు. సమితి శాంతి దళంలో పనిచేస్తూ ఆ పురస్కారం పొందినవాడు ఆయన ఒక్కడే. 1963 జనవరిలో మేజర్ జనరల్ దివాన్ ప్రేమ్ చంద్ నాయకత్వంలో సమితి దళాలు కటంగా వేర్పాటును ముగించాయి.

అప్పటికి కెన్నెడీ ప్రభుత్వం కూడా వేర్పాటు ముగియాలనే కోరుకుంది. ఆ సేనలను తరలించడానికి విమానాలు ఇచ్చింది. బెల్జియం ప్రయోజనమూ అమెరికా ప్రయోజనమూ ఒకటి కావన్నది ఇక్కడ స్పష్టమవుతుంది. అమెరికాకు కావలసినది తనకు అనుకూలమైన ఒక్క కాంగో. కంపెనీకి కావలసినది తన గనులున్న ముక్క. అందువల్ల భారత సైనికులు దేశ సమైక్యత కోసం చేసిన పోరాటం, లుముంబా కోరిన లక్ష్యాల్లో ఒకదాన్ని నెరవేర్చింది, కానీ దాని ఫలితం ఆయనను పడగొట్టినవారి చేతిలోకి వెళ్ళింది. దీనిని భారత సైన్యపు అపరాధంగా నేను చూడను. ప్రశ్నించవలసినది 1960 నవంబరు 22న సమితి సర్వప్రతినిధి సభలో జరిగిన ఓటును: ఆ రోజు అమెరికా గట్టిగా ప్రచారం చేసి కసవుబు ప్రతినిధి వర్గానికే కాంగో స్థానం ఇప్పించింది. భారతదేశం దానిని వ్యతిరేకించింది. లుముంబా తన ఇల్లు వదిలి బయలుదేరింది ఆ ఓటు జరిగిన ఐదు రోజులకే.